ఈసీఎం మార్చినా వ్యాను ఎందుకు స్టార్ట్ కాదు? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వ్యానుల ఎలక్ట్రానిక్ కంట్రోల్ మాడ్యూళ్ల గురించి నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. మాడ్యూల్ అంటే బండిలోని ఒక్కొక్క పనిని చూసుకునే చిన్న కంప్యూటర్ పెట్టె; వాటిలో ఇంజన్‌ను నడిపేదే ఈసీఎం. ఉత్తరాలలో ఉన్న గ్యారేజీల పేర్లను, అమ్మకందారుల పేర్లను తొలగించాము.

ప్రశ్న: నాది 12 సీట్ల డీజిల్ వ్యాను, బీఎస్-6 బండి. చెర్వుగట్టు, యాదగిరిగుట్ట, శ్రీశైలం కిరాయిలకు తిప్పుతాను. పైన సామాను క్యారియర్ వెల్డింగ్ చేయించిన రోజు సాయంత్రం నుంచి బండి స్టార్ట్ కాలేదు. మెకానిక్ చూసి ఈసీఎం పోయిందన్నాడు. హైదరాబాద్ ఆటోనగర్ నుంచి అదే మోడల్ బండిది సెకండ్ హ్యాండ్ ఈసీఎం తెప్పించి బిగించాడు. ఇప్పుడు సెల్ఫ్ బాగానే తిరుగుతుంది కానీ ఇంజన్ అందుకోవడం లేదు. మీటర్ బోర్డు మీద తాళంచెవి గుర్తు లైటు ఆగి ఆగి వెలుగుతున్నది. తెచ్చినది కూడా చెడిపోయినదేనా? ప్రోగ్రామింగ్ చేయిస్తే సరిపోతుందని కొందరు అంటున్నారు. అంటే ఏమి చేస్తారు?
– ఒక వ్యాను యజమాని, నకిరేకల్

జవాబు: తెచ్చిన ఈసీఎం చెడిపోయినదని ఇప్పుడే తేల్చుకోకండి. స్కానర్ (బండికి తగిలించి మాడ్యూళ్లు చెప్పేది చదివే పరికరం) పెట్టినప్పుడు ఈసీఎం తన పార్టు నంబరును, సాఫ్ట్‌వేర్ నంబరును చెబుతున్నదా లేదా అన్నది మొదట చూడాలి. చెబుతున్నదంటే అది బతికే ఉన్నది. మీ బండిని తన బండిగా గుర్తించడం లేదు. తాళంచెవి తలలో ఒక చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ తరంగంతో ఆ చిప్‌ను పలకరించి, వచ్చిన జవాబును ఇమ్మొబిలైజర్‌కు, అంటే వేరే తాళంచెవితో బండి స్టార్ట్ కాకుండా ఆపే కాపలా పరికరానికి అందజేస్తుంది. ఈ ఇమ్మొబిలైజర్ కొన్ని బండ్లలో విడిగా ఉంటుంది, కొన్నింటిలో బాడీ కంట్రోల్ మాడ్యూల్‌లోనే కలిసి ఉంటుంది. అది తాళంచెవిని ఒప్పుకున్న తరువాత ఈసీఎంతో మాట్లాడుతుంది. ఇద్దరి దగ్గరా దాచి ఉంచిన రహస్య సంఖ్య ఒకటే అయితేనే ఈసీఎం ఇంజెక్టర్లను తెరవనిస్తుంది. మీరు తెచ్చిన దానిలో వేరే బండి రహస్యం ఉన్నది గనుక సెల్ఫ్ తిరుగుతున్నా డీజిల్ పడడం లేదు. కొన్ని బండ్లు ఒకటి రెండు క్షణాలు అందుకుని ఆగిపోవడం కూడా ఇందువల్లనే జరుగుతుంది. స్కానర్‌లో పీ0513 లేదా పీ0630 అనే కోడ్ కనిపిస్తే ఈ అనుమానం మరింత బలపడుతుంది. మొదటిది తాళంచెవి సరిపోలలేదని చెప్పేది; రెండవది చాసిస్ నంబరు రాయలేదని గాని, ఈసీఎం ఈ బండికి పొసగదని గాని చెప్పేది.

సాదాబైనామా మీద కొన్న పొలం మన కబ్జాలోనే ఉన్నా రికార్డులో పాత పట్టాదారు పేరే నడిచినట్లు, మీ వ్యానులో బిగించిన ఈసీఎం ఇంకా పాత బండి పేరు మీదనే ఉన్నది. ఆ పేరు మార్చడంతో పాటు మరికొన్ని పనులు పూర్తి చేయడాన్నే గ్యారేజీలలో ప్రోగ్రామింగ్ అని కలిపి పిలుస్తున్నారు.

ఆ పెట్టెలో ఏమేమి ఉంటాయో తెలిస్తే మోసపోవడం తగ్గుతుంది. ఇంజన్‌ను నడిపే అసలు సాఫ్ట్‌వేర్ ఒకటి. ఏ వేగంలో ఎంత డీజిల్ వేయాలో, టర్బో ఎంత ఒత్తిడి ఇవ్వాలో చెప్పే పట్టికలు మరొకటి. వీటితో పాటు 17 అక్షరాల చాసిస్ నంబరు, బండికి ఏసీ ఉన్నదా లేదా, టైరు కొలత ఎంత, వేగ పరిమితి ఎంత అనే వివరాలు, ఇమ్మొబిలైజర్ రహస్యం, ఒక్కొక్క ఇంజెక్టర్ కోడ్, సైలెన్సర్ వైపు ఉన్న డీపీఎఫ్ అనే మసి జల్లెడలో ఇప్పటివరకు ఎంత మసి, ఎంత బూడిద చేరిందో చెప్పే లెక్క కూడా అందులోనే ఉంటాయి. ఈ చివరి వాటిని చాలామంది మెకానిక్‌లు పట్టించుకోరు. బండి స్టార్ట్ కాగానే పని అయిపోయిందని బిల్లు రాస్తారు. ఆ తరువాత నెల రోజులకు బండి పొగ కక్కుతుంది.

అందువల్ల మీరు ముందుగా చేయవలసిన పని పాత ఈసీఎం ఎక్కడున్నదో కనుక్కోవడం. మెకానిక్ దగ్గర ఏ మూలనో పడి ఉంటే వెంటనే తెచ్చుకుని భద్రపరచండి. అది ఇంజన్‌ను నడపలేకపోయినా, దానిలోని మెమరీ చిప్ చదవడానికి వీలైన స్థితిలో ఉండే అవకాశం ఉంటుంది. అలా ఉంటే దానిలోని సమాచారాన్నంతా బల్ల మీద పెట్టి చదివి, సరిగ్గా అదే హార్డ్‌వేర్ నంబరు ఉన్న రెండవ ఈసీఎంలోకి రాయవచ్చు. దీనిని క్లోనింగ్ అంటారు. తాళంచెవులను మళ్లీ నేర్పించే పని కూడా చాలావరకు తప్పుతుంది. అయితే మూత మీద ఉన్న నంబరు చివరి అంకె వరకు సరిపోవాలి. మోడల్ ఒకటే, సంవత్సరం ఒకటే అన్న మాట ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఒకే మోడల్‌లో రెండు రకాల ఈసీఎంలు వచ్చిన బండ్లు ఉన్నాయి.

పాతది పూర్తిగా చనిపోయి ఉంటే దారి వేరు. సెకండ్ హ్యాండ్ ఈసీఎంలోని పాత రహస్యాన్ని చెరిపివేయగలిగితే చెరిపివేయించాలి, లేకపోతే అధీకృత సర్వీస్ కేంద్రం నుంచి ఏ బండికీ ముడిపడని కొత్తది తీసుకోవాలి. అప్పుడు పని ఒక వరుసలో జరగాలి: మొదట మీ బండికి తగిన సాఫ్ట్‌వేర్, పట్టికలు ఎక్కించడం, తరువాత చాసిస్ నంబరు, బండి వివరాలు రాయడం, ఆపైన ఇమ్మొబిలైజర్‌తో జత కలిపి మీ దగ్గరున్న తాళంచెవులన్నింటినీ నేర్పించడం, చివరకు ఇంజెక్టర్ కోడ్‌లు, డీపీఎఫ్ లెక్క ఎక్కించి, పాత ఫాల్టులు చెరిపి, బండిని రోడ్డు మీద నడిపి చూడడం. జత కలపడానికి అవసరమైన సెక్యూరిటీ కోడ్‌ను కంపెనీ వారు ఆర్సీ, యజమాని గుర్తింపు కార్డు చూసి ఇస్తారు గనుక ఆ కాగితాలు దగ్గర ఉంచుకోండి. చాసిస్ నంబరు రాసేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త అవసరం: ఆ 17 అక్షరాలలో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలను వాడరు. ఓ లాగా కనిపించేది సున్నా, ఐ లాగా కనిపించేది ఒకటి.

ఇంత చెప్పిన తరువాత ఒక సందేహం మిగులుతుంది. మీ పాత ఈసీఎం నిజంగా పోయిందా? ఉత్తరం చదివితే దానిని సరిగా పరీక్షించినట్లు కనిపించడం లేదు. ఈసీఎంకు బ్యాటరీ నుంచి నేరుగా ఒక ఫీడ్ (కరెంటు తెచ్చే తీగ), ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఒక ఫీడ్, మెయిన్ రిలే ద్వారా మరొక ఫీడ్ వస్తాయి. ఎర్త్ తీగలు కూడా ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. వీటిని మల్టీమీటర్‌తో మాత్రమే చూస్తే చాలదు. తీగలో పది పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది. కప్లర్ (తీగలను కలిపే ప్లగ్గు) విప్పి, ఆ ఫీడ్‌కు, ఆ ఎర్త్‌కు మధ్య ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు కలిపి చూడండి. బల్బు నిండుగా వెలిగితే తీగ మంచిది. మసకగా వెలిగితే తప్పు ఈసీఎంది కాదు. ఆ తరువాత సెన్సర్లకు వెళ్లే 5 వోల్టుల సరఫరా చూడాలి. ఒక్క సెన్సర్ లోపల షార్ట్ అయినా ఈ 5 వోల్టులు పడిపోయి, ఈసీఎం చచ్చినట్లు కనిపిస్తుంది. సెన్సర్ల కప్లర్లను ఒక్కొక్కటిగా పీకుతూ పోతే దొంగ ఎక్కడున్నాడో బయటపడుతుంది.

వెల్డింగ్ సంగతి. ఆర్క్ వెల్డింగ్‌లో వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. వెల్డర్ ఎర్త్ క్లాంపును ఎక్కడో వెనుక బంపర్‌కు తగిలించి ముందు భాగంలో అతుకు వేస్తే, ఆ కరెంటు బాడీ ఇనుముతో పాటు దొరికిన ప్రతి ఎర్త్ తీగలోనూ దూరుతుంది. బ్యాటరీ మైనస్ తీసివేయడం, ఈసీఎం, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూళ్ల కప్లర్లు విప్పడం, క్లాంపును అతుకు పక్కనే తగిలించడం తప్పనిసరి. క్యారియర్‌ను వెల్డింగ్‌కు బదులుగా బోల్టులతో బిగించే షాపు దొరికితే అక్కడికే వెళ్లండి. ఈ వెల్డింగ్ తరువాత మీ ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలుగుతుంటే, ఆ మాడ్యూల్‌ను మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొనవద్దు. ప్రమాదానికి గురైన బండి నుంచి వచ్చినదైతే దానిలో ఢీకొన్న సమాచారం తాళం పడి ఉంటుంది. చెరిపించినా అది అవసరమైన క్షణంలో ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ పూచీ ఇవ్వలేరు.

ప్రశ్న: మా వ్యాను రైస్ మిల్లు ఆవరణలో నిలుపుతాము. నడుస్తూ నడుస్తూ ఒక్కోసారి ఆగిపోతుంది, కాసేపటికి దానంతట అదే స్టార్ట్ అవుతుంది. స్కానర్‌లో యూ0100 అని వస్తుంది. ఈసీఎం మార్చాలంటున్నారు.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: యూ0100 అంటే ఈసీఎంతో మాటలు తెగిపోయాయని మిగతా మాడ్యూళ్లు చేసే ఫిర్యాదు. ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో వారే దోషులని ఇక్కడ అనుకోరాదు. మిల్లుల దగ్గర, వడ్ల కుప్పల దగ్గర నిలిపే బండ్లకు ఎలుకల బెడద ఎక్కువ గనుక, ఈసీఎం కొనే ముందు వైరింగ్ హార్నెస్‌ను (తీగల కట్టను) టేపు విప్పి చూడమని మా గట్టి సలహా.

మాడ్యూళ్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది క్యాన్ అనే రెండు తీగల దారిలో. ఒకదానితో ఒకటి మెలివేసి ఉండే ఈ రెండు తీగల పద్ధతిని బాష్ కంపెనీ 1986లో ప్రకటించింది. దారి రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది. బ్యాటరీ మైనస్ తీసి, కొద్ది నిమిషాలు ఆగి, స్కానర్ పెట్టే 16 పిన్నుల కప్లర్‌లో 6వ పిన్నుకు, 14వ పిన్నుకు మధ్య ఓమ్‌లు కొలవండి. 60 దరిదాపుల్లో వస్తే దారి బాగున్నది. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలూ ఎక్కడో కలిసిపోయాయి. మాటలను ఒక దారి నుంచి మరొక దారికి దాటించే గేట్‌వే మాడ్యూల్ ఉన్న కొత్త బండ్లలో ఈ కొలత గేట్‌వే వరకే చెబుతుంది, ఇంజన్ వైపు దారిని విడిగా కొలవవలసి ఉంటుంది. కొలుస్తున్నప్పుడు మరొకరిని హార్నెస్ పట్టుకుని అటూ ఇటూ కదపమనండి. ఆగి ఆగి వచ్చే మీ సమస్యకు ఇదే అసలు పరీక్ష. తెగినచోట దొరికితే తీగలను పళ్లతో ఒలిచి మెలిపెట్టడం కాకుండా, టంకం వేసి, మెలిక పోకుండా స్లీవ్ తొడిగించండి.

ప్రశ్న: నేను చిన్న గ్యారేజీ నడుపుతున్నాను. మెకానిక్ పని తెలుసు, కంప్యూటర్ పని కొత్త. వ్యానుల మాడ్యూళ్లు ప్రోగ్రామింగ్ చేయడం మొదలుపెట్టాలని ఉన్నది. నా దగ్గర బ్లూటూత్ స్కానర్ ఒకటి ఉన్నది. దానితో కుదురుతుందా? మధ్యలో చెడిపోతే బండి యజమానికి ఏమి చెప్పాలి?
– ఒక యువ మెకానిక్, జడ్చర్ల

జవాబు: బ్లూటూత్ స్కానర్‌తో కుదరదు. అది ఇంజన్ ఫాల్టు కోడ్‌లు చదవడానికి, కొన్ని రీడింగులు చూడడానికి పనికివస్తుంది. మాడ్యూల్‌లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే జే2534 ప్రమాణానికి సరిపోయే పాస్‌త్రూ పరికరం (ల్యాప్‌టాప్‌కు, బండికి మధ్య వారధి) గాని, ఆ కంపెనీ సొంత పరికరం గాని, వాటితో పాటు ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ హక్కు కూడా కావాలి. ఎక్కడి నుంచో దింపుకున్న ఫైళ్లతో మొదలుపెట్టవద్దు. ఒక ఫైలు ఏ హార్డ్‌వేర్‌కు తయారైందో, దానిలో ఎవరు ఏమి మార్చారో తెలియకుండా ఇతరుల బండిలో ఎక్కించడం న్యాయం కాదు.

అయితే మీరు డబ్బు పెట్టవలసిన మొదటి వస్తువు స్కానర్ కాదు, స్థిరమైన విద్యుత్ సరఫరా ఇచ్చే యంత్రం. ఇగ్నిషన్ ఆన్‌లో, ఇంజన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు బండి బ్యాటరీ నుంచి నిరంతరం కరెంటు లాగుతూనే ఉంటుంది. కొన్ని బండ్లలో ప్రోగ్రామింగ్ జరిగేటప్పుడు ఈసీఎం అదుపు తప్పినందువల్ల రేడియేటర్ ఫ్యాన్ పూర్తి వేగంతో తిరగడం మొదలవుతుంది. అప్పుడు వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. బాగా చార్జ్ అయిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపిస్తుంది కానీ, పని మొదలైన కొద్దిసేపటికే 12 లోపలకు దిగవచ్చు. సరఫరా యంత్రాన్ని 13.5 వోల్టుల దగ్గర స్థిరంగా నిలపండి. కనీసం 50 ఆంపియర్లు ఇవ్వగలిగినది తీసుకోండి. బ్యాటరీ షాపులలో ఉండే మామూలు చార్జర్ దీనికి పనికిరాదు, ఎందుకంటే దాని వోల్టేజిలో అలలు ఎక్కువగా ఉంటాయి. పక్కన మరొక బండిని స్టార్ట్‌లో ఉంచి జంపర్ వైర్లు కలపడం ఇంకా ప్రమాదకరం. వేసవి మధ్యాహ్నం కరెంటు పోవడం కొత్త సంగతి కాదు గనుక, బండి బ్యాటరీకి సమాంతరంగా నిండుగా చార్జ్ అయిన మరొక మంచి బ్యాటరీని కలిపి ఉంచండి.

పని మొదలుపెట్టే ముందు ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు కలిపి, స్క్రీన్ నిద్రపోకుండా, అప్‌డేట్‌లు దిగకుండా ఆపివేయండి. బండికి బ్లూటూత్‌తో కాకుండా కేబుల్‌తోనే కలపండి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, పాటల పెట్టె ఆపివేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, తలుపు మీద ముట్టుకోవద్దని ఒక కాగితం అంటించండి. గ్యారేజీలోకి వచ్చిన ప్రతివారూ డ్రైవర్ సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పి చూస్తారు. ఆ అలవాటు ఒక్క ఈసీఎం ఖరీదు చేస్తుంది.

ఇక తెర మీద కనిపించే అంకెల విషయం. నేటి మాడ్యూళ్లలో ఎక్కువ భాగం ఐఎస్ఓ 14229 ప్రమాణం ప్రకారం మాట్లాడుతాయి. పరికరం అనుమతి అడిగితే మాడ్యూల్ ఒక సంఖ్య విసురుతుంది. పరికరం ఆ సంఖ్య నుంచి లెక్క కట్టి సరైన జవాబు ఇస్తేనే లోపలికి రానిస్తుంది. కాదన్నప్పుడు జవాబు 7ఎఫ్‌తో మొదలవుతుంది, చివరి రెండు అంకెలు కారణం చెబుతాయి. 35 వస్తే ఇచ్చిన జవాబు తప్పు. 36 వస్తే చాలాసార్లు తప్పు జవాబు ఇచ్చారు. 37 వస్తే నిర్ణీత సమయం గడిచేవరకు ఆగాలి. ఆ సమయంలో ఇగ్నిషన్ ఆన్‌లోనే ఉంచి, మరేమీ చేయకుండా కూర్చోండి. 22 వస్తే పరిస్థితి అనుకూలంగా లేదని, అంటే ఇంజన్ నడుస్తూ ఉండవచ్చు, వోల్టేజి తక్కువ ఉండవచ్చు, హ్యాండ్‌బ్రేకు వేయకపోయి ఉండవచ్చు. అన్నింటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది 78. అది తప్పు కానే కాదు. పనిలో ఉన్నాను, ఆగు అని మాడ్యూల్ చెబుతున్నది. 7ఎఫ్ చూడగానే కంగారుపడి కేబుల్ పీకివేసేవారు ఉన్నారు, మాడ్యూల్ నిజంగా చెడిపోయేది అప్పుడే.

మధ్యలో ఆగిపోతే తాళంచెవి తీయవద్దు, బ్యాటరీ విప్పవద్దు. చాలా మాడ్యూళ్లలో సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించుకునే చిన్న ప్రోగ్రామ్ వేరే గదిలో భద్రంగా ఉంటుంది. అసలు సాఫ్ట్‌వేర్ సగంలో ఆగినా అది బతికే ఉంటుంది. వోల్టేజి సరిచూసి, అదే పరికరంతో, అదే ఫైలుతో మళ్లీ మొదలుపెడితే ఎక్కువసార్లు పూర్తవుతుంది. ఈలోగా పీ0602 కోడ్ కనిపించవచ్చు, మిగతా మాడ్యూళ్లు మాటలు తెగిపోయాయని చెప్పే యూ కోడ్‌లు కుప్పలుగా పెట్టవచ్చు. పని ముగిసిన తరువాత వాటిని చెరిపి, మళ్లీ ఏవి వస్తున్నాయో చూడాలి. ముందుగా వాటి వెంట పడకండి. బూట్ ప్రోగ్రామ్ అనే ఆ చిన్న ప్రోగ్రామ్ కూడా పోయిన మాడ్యూల్‌ను మూత తెరిచి బల్ల మీద బాగుచేయాలి. అది వేరే నైపుణ్యం, మొదటి సంవత్సరం దాని జోలికి వెళ్లవద్దు. యజమానికి ఏమి చెప్పాలన్న మాటకు వస్తే, మధ్యలో చెడిపోయే ప్రమాదం ఉన్నదని పని మొదలుపెట్టే ముందే చెప్పండి. పాత సమాచారాన్ని పూర్తిగా చదివి దాచుకోకుండా ఏ మాడ్యూల్‌లోనూ ఒక్క అక్షరం రాయవద్దు.

ప్రశ్న: రెండు ఇంజెక్టర్లు మార్పించాను. అప్పటి నుంచి బండి నిలబడి ఉన్నప్పుడు కొట్టుకుంటున్నది, పొగ వస్తున్నది. ఇంజెక్టర్లు కొత్తవే.
– ఒక ట్రావెల్స్ డ్రైవర్, సూర్యాపేట

జవాబు: ఇంజెక్టర్ కోడ్‌లు ఈసీఎంలో రాయలేదేమో అడగండి. ఒకే ఫ్యాక్టరీలో తయారైన రెండు ఇంజెక్టర్లు కూడా సరిగ్గా ఒకే కొలతలో డీజిల్ చిమ్మవు. తయారీలోనే ఒక్కొక్కదాన్ని పరీక్షించి, దాని తేడాను ఒక కోడ్‌గా దాని తల మీద ముద్రిస్తారు. కంపెనీని బట్టి అది ఆరేడు అక్షరాలు కావచ్చు, 16 లేదా 20 అక్షరాలు కావచ్చు. ఆ కోడ్ తెలిస్తేనే ఈసీఎం ఆ తేడాను సరిచేస్తుంది. పాత ఇంజెక్టర్లనే ఒక సిలిండర్ నుంచి మరొకదానికి మార్చినా కోడ్‌లను కూడా మార్చి రాయాలి.

బిగించిన తరువాత పైపుల కింద ఆ అక్షరాలు సరిగా కనిపించవు గనుక, బిగించకముందే ఫోనుతో ఫొటో తీసుకోవడం మంచి పద్ధతి. ఇంగ్లీషు బి అక్షరానికి, 8కి, అలాగే ఎస్ అక్షరానికి, 5కి తేడా గమనించాలి. మరొక పొరపాటు వరుసలో జరుగుతుంది. మొదటి సిలిండర్ కొన్ని ఇంజన్లలో బెల్టు వైపు, కొన్నింటిలో ఫ్లైవీల్ వైపు ఉంటుంది. స్కానర్ తెర మీద కొన్నిచోట్ల సిలిండర్ల వరుసలో, మరికొన్నిచోట్ల మండే వరుసలో, అంటే నాలుగు సిలిండర్ల ఇంజన్లలో సాధారణంగా 1-3-4-2 క్రమంలో కోడ్‌లు అడుగుతుంది. ఇవన్నీ సరిగా ఉండి కూడా కొట్టుకోవడం తగ్గకపోతే, రిటర్న్ పైపులో ఏ ఇంజెక్టర్ నుంచి డీజిల్ ఎక్కువ వస్తున్నదో కొలిపించండి. పాత రెండు అరిగిపోయి ఉంటే ఏ కోడ్ రాసినా ఉపయోగం లేదు.

ప్రశ్న: స్కూలు పిల్లలను తీసుకువెళ్లే బీఎస్-6 వ్యానులో డీపీఎఫ్ లైటు మాటిమాటికి వెలుగుతున్నది. డీపీఎఫ్ లోపలి భాగం తీసివేసి, సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆపివేస్తే ఇక బాధ ఉండదని ఒకరు అంటున్నారు. చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: చేయించవద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణానికి సరిపడేలా మీ బండి రిజిస్టర్ అయింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదు. మారిస్తే 182ఎ సెక్షన్ కింద యజమానికే శిక్ష. పైగా ఆ పొగ పీల్చేది పిల్లలు.

లైటు ఎందుకు వెలుగుతున్నదో మీ ఉత్తరంలోనే ఉన్నది. డీపీఎఫ్ మసిని పట్టి ఉంచుతుంది, అది నిండినప్పుడు ఈసీఎం దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టించి కాల్చివేస్తుంది. ఆ వేడి పుట్టాలంటే బండి కొంతసేపు ఆగకుండా నడవాలి. గల్లీ గల్లీకి ఆగే స్కూలు వ్యాను ఆ అవకాశం ఇవ్వదు. మొదలైన కాల్పు ప్రతిసారీ మధ్యలో ఆగిపోతుంటే, దానికోసం అదనంగా చిమ్మిన డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతున్నదేమో చూడండి. పెరిగితే ఆయిల్ వెంటనే మార్పించాలి. వారానికి ఒకటి రెండుసార్లు పిల్లలను దింపిన తరువాత బిజినేపల్లి మీదుగా 44వ జాతీయ రహదారి ఎక్కి, అరగంట సేపు ఒకే వేగంతో నడిపి రండి. లైటు అప్పటికే వెలిగి ఉంటే స్కానర్‌తో బలవంతంగా కాల్పించవచ్చు, కానీ బండిని వరిగడ్డి మీద గాని, ఎండుగడ్డి మీద గాని నిలిపి ఆ పని చేయించవద్దు. సైలెన్సర్ వేడికి గడ్డి అంటుకుంటుంది.

డీపీఎఫ్ కొత్తది వేస్తే ఈసీఎంలో మసి, బూడిద లెక్కను సున్నా చేయాలి. ఈసీఎం కొత్తది వేసి పాత డీపీఎఫ్‌నే ఉంచితే మాత్రం పాత లెక్కనే ఎక్కించాలి. నిండిన డీపీఎఫ్‌కు సున్నా రాస్తే ఈసీఎం సమయానికి కాల్చదు, ఆలస్యంగా కాల్చినప్పుడు వేడి అదుపు తప్పి లోపలి పింగాణీ పగులుతుంది.

ప్రశ్న: బ్యాటరీ మార్చిన తరువాత డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుతో పైకి రావడం లేదు, స్టీరింగ్ గుర్తు లైటు వెలుగుతున్నది. మాడ్యూల్ ప్రోగ్రామింగ్ చేయాలని డబ్బు అడిగారు.
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: డబ్బు ఇవ్వకండి. అద్దం పూర్తిగా పైకి వచ్చిన తరువాత కూడా బటన్‌ను కొన్ని క్షణాలు పైకి లాగి పట్టుకోండి. బండిని స్టార్ట్‌లో ఉంచి స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి వరకు తిప్పి, కొద్ది దూరం తిన్నగా నడపండి. ఎక్కువ బండ్లలో ఈ రెంటితోనే సరిపోతుంది. లేకపోతే స్కానర్‌తో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను సున్నా చేయించండి. ఈసారి బ్యాటరీ విప్పేటప్పుడు ఇగ్నిషన్ ఆపిన తరువాత కొద్ది నిమిషాలు ఆగి విప్పమనండి. ఈసీఎం ఆ సమయంలోనే తను నేర్చుకున్నది రాసుకుంటుంది, యూరియా ద్రవం వాడే డీజిల్ బండ్లలో పైపులోని ద్రవాన్ని వెనక్కి లాగుకునేది కూడా అప్పుడే.

ప్రశ్న: మా వ్యాను 80 దాటడం లేదు. ఈసీఎంలో పరిమితి తీసివేయవచ్చు కదా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: సాంకేతికంగా అది ఒక్క సంఖ్య మాత్రమే, కానీ దానిని ముట్టుకునే హక్కు మీకు గాని, మీ మెకానిక్‌కు గాని లేదు. 2015 అక్టోబరు 1 తరువాత తయారైన రవాణా వాహనాలకు, కొన్ని మినహాయింపులతో, 80 కిలోమీటర్ల వేగ పరిమితి తప్పనిసరి అయింది. స్కూలు బస్సులకు 60. ఈసీఎం మార్చినప్పుడు మీ బండి పరిమితి, టైరు కొలత తిరిగి సరిగా రాశారో లేదో మాత్రం చూసుకోండి. టైరు కొలత తప్పుగా పడితే మీటర్ బోర్డు ఒక వేగం చూపుతుంది, బండి మరొక వేగంలో పోతుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్ కలిపి అరగంట కూర్చున్నందుకు వేలు అడుగుతున్నారు. న్యాయమేనా? ఏమి అడిగి తీసుకోవాలి?
– ఒక వ్యాను యజమాని, మహబూబ్‌నగర్

జవాబు: అరగంట కనిపించేది, పరికరం ఖరీదు, సాఫ్ట్‌వేర్‌కు కట్టే రుసుము, మధ్యలో చెడిపోతే మీద పడే భారం కనిపించనివి. అందువల్ల మొత్తం కంటే బిల్లులో ఏమి రాశారన్నది ముఖ్యం. “ఈసీఎం ప్రోగ్రామింగ్” అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఒప్పుకోకండి. పనికి ముందు, తరువాత ఉన్న హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ నంబర్లు, రాసిన చాసిస్ నంబరు, ఇంజెక్టర్ కోడ్‌లు, డీపీఎఫ్ లెక్క రాయించండి. ముందు, తరువాత తీసిన ఫాల్టు కోడ్‌ల ఫొటోలు తీసుకోండి. పాత మాడ్యూల్‌ను, సెక్యూరిటీ కోడ్ రాసిన కాగితాన్ని మీరే తీసుకువెళ్లండి. మీటర్ బోర్డు కూడా మార్చి ఉంటే, మార్చిన రోజు పాత బోర్డులో ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో బిల్లు మీదనే రాయించుకోండి, రేపు బండి అమ్మేటప్పుడు అడిగేవారికి చూపించడానికి అదే ఆధారం. చివరగా ఇమ్మొబిలైజర్‌లో ఎన్ని తాళంచెవులు నమోదు అయ్యాయో స్కానర్ తెర మీద చూపించమనండి. మీ చేతిలో రెండు ఉండి అక్కడ మూడు కనిపిస్తే, మూడవదాన్ని మీ ముందే తొలగింపజేసిన తరువాత డబ్బు ఇవ్వండి.